డిశ్చార్జి అయ్యాక ఎక్కడికి?

సంపాదకులకు,

మానసిక వైద్య వార్డు నుంచి ఇంటికొచ్చే ఇరవై ఏళ్ల పిల్లలకు మొదటి కొన్ని వారాలే గండం. ఆత్మహత్య ముప్పు ఆ రోజుల్లోనే ఎక్కువ. హాస్టల్‌లో తిరిగి చేర్చుకోరు, కిరాయికి గది దొరకదు. ఇంట్లోనేమో మందుల మగతకు పొద్దెక్కే దాకా పడుకుంటే సోమరి అంటారు. ఆ మాట పడలేకే చాలామంది మాత్రలు మానేస్తారు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18, 19 సెక్షన్లు హాఫ్‌వే హోంల (ఆసుపత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్లు ఉండి కోలుకునే ఇళ్ల) బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టాయి. వరంగల్‌కు పెద్ద భవనం అక్కర్లేదు. ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి ఓపీకి ఒకే ఆటోలో చేరగలిగే చోట ఎనిమిది పడకల ఇల్లు, రాత్రి మెలకువగా ఉండే మనిషి, తాళం వేసిన మందుల అల్మారా చాలు. మొదట సిబ్బందే మాత్రలు చేతికివ్వాలి. తర్వాత ఏడు గదుల డబ్బాలో వారానికి సరిపడా వాళ్లే సర్దుకుంటే సిబ్బంది సరిచూడాలి. వంట, బజారు పనులూ వంతులవారీగా వాళ్లవే.

మూడ్ విపరీతంగా మారే జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవాళ్ల సంగతి మరీ జాగ్రత్త. మన మే నెల ఎండలకు చెమట పోసి ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, విరేచనాలైనా, నడక తడబడినా తర్వాతి మాత్ర ఇవ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒళ్లునొప్పులకని ఐబుప్రోఫెన్ ఇచ్చినా ఇదే ప్రమాదం. రక్తపరీక్షకు చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు నమూనా తీయాలి. ఇవన్నీ కన్నవాళ్లకు డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి రెండు నిమిషాల్లో చెబితే గుర్తుండవు.

ఇల్లు ఏర్పడే దాకా, డిశ్చార్జి రోజునే వారంలోపు ఓపీ తేదీ రాసివ్వాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఆ కాగితం మీదే పెద్దక్షరాలతో అచ్చు వేయాలి.

— మానసిక ఆరోగ్య కార్యకర్తలు, హనుమకొండ