జాజ్ ఆర్గన్ విద్య తుక్కు కింద పోకూడదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

అమెరికా జాజ్ ఆర్గన్ వాద్యకారుల్లో పేరున్న ఇద్దరు, 2021 సెప్టెంబరులో డాక్టర్ లానీ స్మిత్, మరుసటి ఏడాది ఆగస్టులో 51 ఏళ్లకే జోయీ డిఫ్రాన్సెస్కో కన్నుమూసినప్పుడు మన తెలుగు పత్రికల్లో నా కంటికి ఒక్క వాక్యం కూడా కనబడలేదు. సినిమా వాద్యబృందాల్లో ముప్పై ఏళ్లకు పైగా కీబోర్డు వాయించి ఇప్పుడు సాలిగ్రామంలో ఇంటిపట్టున ఉంటున్న నాబోటివాడికి, దగ్గరి చుట్టం పోయిన కబురు పదిహేను రోజుల తరవాత ఎవరి నోటో విన్నట్టయింది.

పద్యనాటకాలు చూసిన తరానికి జాజ్ ఆర్గన్ గురించి చెప్పడం కష్టమేమీ కాదు. రంగస్థలం ముందు కూర్చున్న హార్మోనిస్టు కాళ్లతో తిత్తి తొక్కుతూ, రెండు చేతులా మెట్లు పలికిస్తూ, నటుడి రాగం ఎటు మళ్లితే అటు వెంట నడిచేవాడు. జాజ్‌లో వాడే, కరెంటుతో నడిచే హామండ్ ఆర్గన్ ముందు కూర్చున్నవాడిదీ అటువంటి పనే, ఇంకాస్త ఎక్కువ. కుడిచేత్తో పాట, ఎడమచేత్తో బేస్ అనే మంద్రస్వరాల నడక, ఆ బేస్‌కు ఊతంగా ఎడమపాదంతో పెడల్ మీద చిన్న తాకు, కుడిపాదంతో ధ్వని హెచ్చుతగ్గులు. సందు దొరికినప్పుడల్లా చేయి తీసి డ్రాబార్లనే లాగుడు మీటలు లాగి నాదం రంగు మార్చడం. అందుకే గిటారు, డ్రమ్స్ తోడుంటే చాలు, వేరే బేస్ వాద్యకారుడు లేకుండానే కచేరీ నిండుగా సాగిపోతుంది. ఫ్యాట్స్ వాలర్, కౌంట్ బేసీ, వైల్డ్ బిల్ డేవిస్ అంతకుముందే ఆర్గన్ వాయించకపోలేదు గాని, ఒక గోదాములో వాద్యం పెట్టుకుని నెలల తరబడి సాధన చేసి, 1956 నుంచి వరసగా రికార్డులిచ్చి ఈ పద్ధతికి ఒజ్జబంతి పెట్టినవాడు జిమ్మీ స్మిత్. ఆయన 2005లో పోయారు. ఈ విద్యలోనే పేరు తెచ్చుకున్న చార్లెస్ ఎర్లండ్, జాక్ మెక్‌డఫ్, షర్లీ స్కాట్ అంతకుముందే వెళ్లిపోగా, జిమ్మీ మెక్‌గ్రిఫ్ 2008లో వెళ్లారు.

రికార్డులున్నాయి కదా, విద్య ఎక్కడికి పోతుందని అనేవారున్నారు. ఈ మాట నాకు మింగుడుపడదు. పాదం పెడల్‌ను ఎంతసేపు తాకి వదిలిందో రికార్డు చెప్పదు, పక్కన కూర్చుని చూడాలి. జోయీ తండ్రి ఆర్గనిస్టు. పిల్లవాడు నాలుగేళ్లకే మెట్ల మీద చేయి పెట్టి, పెద్దయ్యాక జిమ్మీ స్మిత్‌తోనే కలిసి వాయించాడు. లానీ స్మిత్‌కు ఆ భాగ్యం లేదు. బఫెలో ఊళ్లో ఒక వాద్యాల దుకాణంలో రోజూ మూసేదాకా ఊరికే కూర్చునే ఆ యువకుణ్ణి చూసి, యజమాని తన దగ్గరున్న హామండ్‌ను డబ్బు తీసుకోకుండా ఇచ్చేశాడు. (తలపాగా చుట్టుకున్న ఆ ‘డాక్టరు’ ఏ కళాశాలలోనూ చదివి డాక్టరేటు పుచ్చుకున్నవాడు కాడు.) మన పెద్ద దుకాణాల్లో పిల్లలు మెట్టు మీద వేలు పెడితే చాలు, అదిలించడానికి ఒకరు సిద్ధంగా ఉంటారు.

వాద్యాన్ని నిలుపుకోవడం మరో ఎత్తు. హామండ్ లోపల 91 చిన్న ఉక్కు చక్రాలు అయస్కాంతాల ముందు తిరుగుతూ స్వరాలు పుట్టిస్తాయి. వాటి ఇరుసులకు ఏడాదికొకసారి నూనె పోయాలి. చిన్న గిన్నెల్లో పోసిన చుక్కలు నూలుపోగుల వెంట పాకి ఒక్కో చక్రాన్నీ చేరతాయి. పైగా అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50; చక్రాలను తిప్పే మోటారు వేగం దాన్నిబట్టే ఉంటుంది. అక్కడి మోటారున్న వాద్యాన్ని వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మరు మాత్రమే తగిలించి ఇక్కడ నడిపితే శ్రుతి మూడు స్వరస్థానాలు కిందికి జారుతుంది. ఇది తెలియక, వాద్యమే చెడిపోయిందని మూలన పడేసినవారిని నేనెరుగుదును.

2015 డిసెంబరు వరదల తరవాత అడయారు నది వైపున్న ఒక ప్రార్థనా మందిరానికి, అక్కడి హామండ్‌ను చూడమంటే వెళ్లాను. నీళ్లు పెడల్ బోర్డు దాకానే వచ్చాయి. కలప ఉబ్బింది, పైన చక్రాల పెట్టె మాత్రం పొడిగా ఉంది. ఆరబెట్టి, నూనె పట్టించి, కొద్ది వారాలు ఓపిక పడితే పలుకుతుందని చెప్పి వచ్చాను. రెండో ఆదివారం మళ్లీ వెళ్లేసరికి పాత ఇనుప సామాన్లవాడు తూకం వేసి తీసుకుపోయాడు. గోడ పక్కన బెంచీ ఒక్కటే మిగిలింది.

చక్రాల హామండ్‌ల తయారీ 1970ల నడుమే ఆగిపోయింది గనుక ఇప్పటి పిల్లలు వాటిని అనుకరించే తేలికపాటి కీబోర్డుల మీదే నేర్చుకోవాలి. అందులో నామోషీ ఏమీ లేదు. దాదాపు 190 కిలోల హామండ్ బరువును కోడంబాక్కం మేడమెట్లు ఎక్కించిన నా నడుముకు ఆ సంగతి బాగా తెలుసు. కాని లండన్ సంస్థల సంగీత పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే మన నగర సంగీత పాఠశాలలు ఎడమచేతి బేస్‌నూ పెడల్‌నూ కూడా నేర్పాలి. నెలకొక సాయంత్రం ఆర్గన్, గిటారు, డ్రమ్స్‌తో చిన్న కచేరీ పెట్టుకోవడానికి తమ గది ఇస్తే నేర్పడానికి నేను వస్తాను, జీతం అడగను. మీ పత్రిక కూడా ఇటువంటి వాద్యకారుడు పోయినప్పుడు పావు కాలమ్ కేటాయించి, పేరూ వయసూతో సరిపెట్టక, ఆ చేతులు ఏం చేశాయో రాయించాలని కోరుతున్నాను. ఇంట్లోగాని గుడిలోగాని పాత ఆర్గన్ ఉన్న పాఠకులెవరైనా సామాన్లవాణ్ణి పిలిచేముందు పైమూత తీసి ఆ నూలుపోగులు తడిగా ఉన్నాయో లేదో ఒకసారి చూడమని మనవి.

భవదీయుడు,
విశ్రాంత కీబోర్డు వాద్యకారుడు,
సాలిగ్రామం, చెన్నై