పిల్లల వార్డుల్లో మంచాల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఎక్కువకాలం పిల్లల వార్డుల్లో, నర్సుగా పనిచేసి రిటైరైన మనిషిని. మందుల కొరత గురించి, ఖాళీ పోస్టుల గురించి మీకు రోజూ అర్జీలు వస్తూనే ఉంటాయి. నేను రాస్తున్న విషయం మీద అర్జీ పెట్టినవాళ్లు ఉన్నారో లేదో అనుమానమే. జ్వరానికో ఆయాసానికో చేర్చిన పిల్లలు ఆసుపత్రి మంచం మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలించుకోవడం గురించి.

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు నాకు తెలుసు. ‘పిల్లలన్నాక పడరా?’ అంటారు. పడతారు. ఇంట్లో చాప మీద నుంచి దొర్లితే మనం తిరిగి కూడా చూడం. వార్డులో మంచం ఇంచుమించు రెండడుగుల ఎత్తు, కింద గచ్చు. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ కాబట్టి నేలకు ముందు తలే తగులుతుంది. పైగా అక్కడున్నది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కాదు. డెంగీతో ప్లేట్‌లెట్లు పడిపోయిన బిడ్డకైతే, మామూలుగా బొప్పి కట్టి పోవలసిన దెబ్బ తలలో రక్తస్రావం దాకా వెళ్లవచ్చు. విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. గుండె స్కాన్‌కు ముందు తాగించిన నిద్రమందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది. కళ్లు తెరిచాడు కదా అని దించి నడిపిస్తే కాళ్లు తడబడతాయి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది జ్వరం తగ్గిన రోజుకు. రెండు మూడు రోజులు వాడిపోయి పడుకున్న బిడ్డ ఆ రోజు లేచి కూర్చుంటుంది, అన్నం అడుగుతుంది, సెలైన్ గొట్టం లాగుతుంది, పక్క మంచం పాప దగ్గరున్న బొమ్మ కోసం వంగుతుంది. అప్పటిదాకా కంటికి రెప్ప వాల్చని తల్లి, బిడ్డ తేరుకుందన్న ధైర్యంతో ఆ రాత్రే ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది.

బిడ్డ పడితే కేస్ షీటులో చాలాసార్లు రాసే మాట ‘తల్లి అజాగ్రత్త’. ఆ మాట రాయగానే అందరి పనీ అయిపోతుంది. నిజానికి ఆసుపత్రుల్లో పిల్లలు పడేది ఎక్కువగా పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడేనని విదేశీ ఆసుపత్రులు కూడా ఎప్పుడో గుర్తించాయి. మన వార్డుల్లో ఆ పక్కనున్న తల్లి పరిస్థితి ఏమిటో చూడండి. బిడ్డకు ఒక్క తోడు మనిషినే ఉండనిస్తాం. ఆ ఒక్క మనిషినే రక్తం శాంపిల్ ల్యాబులో ఇచ్చి రమ్మంటాం, మందుల చీటీ ఇచ్చి కిందికి పంపుతాం, స్కాన్ కాగితం తెమ్మంటాం. నువ్వు వెళ్తే బిడ్డ దగ్గర ఎవరుంటారమ్మా అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. రాత్రి డ్యూటీలో ఆ ప్రమాణం ఎంత దూరంలో ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక తల్లి పడుకునేది ఎక్కడ? చాలాచోట్ల మంచం కింద నేల మీద, లేదా బిడ్డ పడుకున్న మంచం అంచునే.

ఆ మంచం పెద్దవాళ్ల కోసం చేసింది. దానికున్న పక్క రెయిలింగ్, ఉంటే, పెద్దమనిషి దొర్లకుండా ఆపుతుంది. ఏడాది బిడ్డ ఆ కమ్మీల మధ్య నుంచి జారిపోగలదు, అంతకన్నా ఘోరంగా తల ఇరికించుకోగలదు. పసిపిల్లల ఊచల మంచానికి ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లు మించకూడదని అమెరికాలో నిబంధన పెట్టింది అందుకే. మన తల్లులు చీరను రెయిలింగుకు కట్టి అడ్డం పెడతారు, దిండ్లు పేరుస్తారు, బిడ్డను గోడ వైపు పడుకోబెట్టి మంచాన్ని గోడకు నెడతారు. మంచం చక్రాలకు బ్రేకు లేకపోతే గోడకూ మంచానికీ మధ్య సందు ఏర్పడి బిడ్డ అటు పడుతుంది.

మీ శాఖకు ఈ విషయం వినిపిస్తే ముందు తయారయ్యేది ఒక ఫారమేనని నా భయం. అందుకే ఫారాల గురించి కాస్త వివరంగా చెబుతాను. రోగి పడే ప్రమాదం ఎంతో మార్కులు వేసి అంచనా కట్టడానికి పెద్దల కోసం చేసిన మోర్స్ స్కేలునే కొన్నిచోట్ల పిల్లలకూ వాడుతుంటారు. చేతికర్ర పట్టుకుని నడుస్తాడా, నడక ఎలా ఉంది అని అడిగే ఆ పట్టికలో వయసుకు గడే లేదు. ఇంకా పాకడం రాని బిడ్డకు ఆ ప్రశ్నలు ఎందుకు? పిల్లల కోసమే మయామీ పిల్లల ఆసుపత్రి తయారుచేసిన హంప్టీ డంప్టీ స్కేలు ఉంది. వయసు, ఆడా మగా, జబ్బు, తన శక్తి తనకు తెలియడం, మంచం చుట్టుపక్కల పరిస్థితి, ఆపరేషను లేదా మత్తు, మందులు అని ఏడు గడులు. తక్కువలో తక్కువ 7, ఎక్కువలో ఎక్కువ 23. 12 దాటినా, 12 వచ్చినా ప్రమాదం ఎక్కువని లెక్క. మగపిల్లవాడైతే 2, ఆడపిల్లయితే 1. మగపిల్లలను పెంచిన ఏ తల్లీ దీనితో పేచీ పెట్టుకోదు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. రెండేళ్ల ఆడపిల్ల, మామూలు జ్వరం, ఊచల మంచంలో ఉంది, ఆపరేషను లేదు, మత్తు మందులు లేవు. వయసుకు 4, ఆడపిల్ల కాబట్టి 1, జబ్బుకు 1, తన హద్దులు తనకు తెలియవు కాబట్టి 3, ఊచల మంచానికి 3, మిగిలిన రెండు గడులకు ఒక్కొక్కటి. మొత్తం 14. అన్నీ అనుకూలంగా ఉన్న బిడ్డకే 14 వచ్చింది! అంటే మూడేళ్లలోపు బిడ్డను ఎవరిని చేర్చినా ఈ స్కేలు ‘ప్రమాదం’ అనే చెబుతుంది. అటువంటప్పుడు రాత్రి డ్యూటీ సిస్టరుతో ఇరవై మంది పసిపిల్లలకు ఇరవై సార్లు మార్కులు వేయించడం దేనికి? మూడేళ్లలోపు పిల్లలందరికీ ముందు నుంచే ప్రమాదం ఉన్నట్టుగా భావించి ఏర్పాట్లు చేయండి. ఆ కలం, ఆ సమయం పెద్దపిల్లల కోసం దాచండి. వాళ్ల విషయంలో ఈ స్కేలు నిజంగా పనికొస్తుంది. కడుపునొప్పితో చేరిన ఎనిమిదేళ్ల పాపకు 9 వస్తుంది. అదే పాపకు అపెండిసైటిస్ ఆపరేషను చేసి, నొప్పికి మత్తు కలిగించే ఇంజెక్షను ఇచ్చాక లెక్క కడితే 12. పాప మారలేదు, మంచం మారలేదు, ఒక్క పూటలో ప్రమాదం మారింది. అందుకే చేరినరోజు ఒకసారి నింపి ఫైలులో పెట్టేసే ఫారం ఎందుకూ కొరగాదు. ఆపరేషను తర్వాత, మందు మారినప్పుడు, డ్యూటీ మారినప్పుడు మళ్లీ చూడాలి.

మూడేళ్లలోపు పిల్లలకు ముందస్తు ఏర్పాటు అంటే ముందుగా మంచమే. పిల్లల వార్డు ఉన్న ప్రతి ఆసుపత్రిలో ఆ వయసు పిల్లలందరికీ ఊచల మంచాలు ఉండాలని, ఒక మంచం మీద ఇద్దరు బిడ్డలను పడుకోబెట్టరాదని ఉత్తర్వు ఇవ్వండి. పక్కనే తల్లి నడుం వాల్చడానికి తక్కువ ఎత్తు బల్ల ఉండాలి. తల్లులను పరుగులు పెట్టించే పనికి వార్డుకొక మనిషిని ఇవ్వండి. డబ్బు సంగతి అంటారా, ఆసుపత్రి అభివృద్ధి కమిటీల చేతిలో ఎంతో కొంత ఉంటుంది. ఇక మన తిరుపతిలో దాతలకు కొదవ లేదు. ఫలానా వారి జ్ఞాపకార్థం అని పేరు చెక్కించిన వాటర్ కూలర్లు ప్రతి వరండాలోనూ ఉన్నాయి. ఆ పేరు పిల్లల మంచం మీద ఉన్నా పుణ్యం తగ్గదు.

ప్రసూతి వార్డు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. సిజేరియన్ అయిన తల్లి తెల్లవారుజామున పాలిస్తూ కూర్చునే నిద్రపోతే చేతిలోని పసిగుడ్డు జారుతుంది. పాలిచ్చే వేళ ఎవరో ఒకరు మెలకువగా ఉండి, తర్వాత బిడ్డను పక్కనున్న తొట్టిలోకి మార్చాలన్న చిన్న నియమం చాలు. నగరి, సత్యవేడు వైపు నుంచి వచ్చే తల్లుల్లో తమిళం మాట్లాడేవారు ఎక్కువ కాబట్టి జాగ్రత్తలు చెప్పే బోర్డులు తమిళంలో కూడా రాయించండి. బోర్డు కన్నా, చేర్చుకునేటప్పుడు సిస్టరు రెయిలింగు ఎత్తి దించి చూపించడం ఇంకా మేలు.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఏటా ఎంతమంది పిల్లలు ఇలా పడుతున్నారో మీ శాఖ చెప్పగలదా? వార్డులో ఎవరూ రాయరు, ఎందుకంటే రాసిన సిస్టరుకే మెమో వస్తుంది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో, బిడ్డ పడిందని రిపోర్టు పుస్తకంలో రాసిన అమ్మాయిని సంజాయిషీ అడిగారు. ఆ తర్వాత ఆ వార్డులో పిల్లలు పడడం ఆగిపోయింది, కాగితం మీద. పడిన విషయం దాచితే బిడ్డకే నష్టం: తలకు దెబ్బ తగిలిన బిడ్డను డాక్టరు వెంటనే చూడాలి, వాంతులు, మగత, ఫిట్స్, కంటిపాపల తేడా గమనిస్తూ ఉండాలి, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే మరింత తొందరపడాలి. ఇవన్నీ జరగాలంటే ‘పడింది’ అని గట్టిగా చెప్పే ధైర్యం సిస్టరుకు ఉండాలి, తల్లికీ ఉండాలి. కాబట్టి పడిన ప్రతి సంఘటననూ రాయాలని, అలా రాసినందుకు ఎవరికీ మెమో ఇవ్వరాదని ఒకే ఉత్తర్వులో చెప్పండి. ఏ వేళ, ఏ మంచం, రెయిలింగు ఎత్తి ఉందా, పక్కన ఎవరున్నారు, వాళ్లను మనం ఎక్కడికైనా పంపామా అన్నవి రాయిస్తే చాలు. ఆరు నెలల్లో తప్పు ఎక్కడుందో ఆ పుస్తకమే చెబుతుంది.

పిల్లల సేవల నాణ్యత కోసం కేంద్రం 2021లో ‘ముస్కాన్’ అనే కార్యక్రమం తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినాన్ని నవజాత శిశువుల, పిల్లల భద్రత పేరు మీదే జరిపింది. తనిఖీ బృందం వస్తుందంటే గోడల మీద మిక్కీ మౌస్ బొమ్మలు వేయించడం మనకు బాగా వచ్చు. బొమ్మలు బాగానే ఉంటాయి, పిల్లలకు ఇష్టం కూడా. మంచాలు మాత్రం పాతవే.

మంత్రి గారూ, మీరు తిరుమల దర్శనానికి వస్తూనే ఉంటారు. ఈసారి కొండ దిగాక ఏదో ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డుకు రాత్రి పదకొండు దాటిన తర్వాత వెళ్లండి. ముందుగా కబురు పెట్టవద్దు, పూలగుత్తులు వద్దు, ఫొటోలు వద్దు. మంచాలకు బ్రేకులు పడతాయో లేదో మీరే ఒకసారి నొక్కి చూడండి. అక్కడ మేలుకుని ఉన్న తల్లిని ఈ రోజు బిడ్డను వదిలి ఎన్నిసార్లు కిందికి వెళ్లావమ్మా అని అడగండి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
తిరుపతి