ఆ అరవై డిగ్రీల వెడ్జ్ ఇప్పుడే కొనకు మామా

ఫ్రిస్కో, టెక్సస్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

నీ గోల్ఫ్ గోడు వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి జాలేసింది, మూడోసారి నా సంగతే గుర్తొచ్చింది. "గ్రీన్ పక్కదాకా రెండు షాట్లలో వచ్చేస్తున్నానురా, అక్కణ్ణుంచి హోల్‌లో వెయ్యడానికి ఐదు పడుతున్నాయి" అన్నావు. హోల్ చుట్టూ నున్నగా కోసిన గడ్డే కదా గ్రీన్, దాని దగ్గర తడబడటం అందరి ఏడుపే, అంతవరకూ బాగానే ఉంది. చివర్లో నసుగుతూ "అందుకే అరవై డిగ్రీల లాబ్ వెడ్జ్ ఒకటి చూసి పెట్టాను" అన్నావు చూడు, అక్కడ నా గుండె గుభేల్మంది. ఫోన్ చేస్తే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. టీ పెట్టుకుని కూర్చో, పెద్దదే.

నేనూ కొన్నాను ఆ అరవై, ముఖం బాగా వెనక్కి వాలి బంతిని నిలువుగా లేపే ఆ క్లబ్బు. గోల్ఫ్ మొదలెట్టిన రెండో ఏడు. టీవీలో ఫిల్ మికెల్సన్ బంతిని నిట్టనిలువుగా లేపి జెండా పక్కన పిల్లిలా దింపుతుంటే, అదంతా క్లబ్బులో ఉన్న మహిమ అనుకున్నాను. మరుసటి శనివారమే దాన్ని భుజానేసుకుని కోర్సుకి పోయాను. ఫిబ్రవరి నెల. ఇక్కడ చలికాలంలో గడ్డి నిద్రపోతుంది, గోధుమ రంగుకి తిరిగి నేలకి అతుక్కుపోతుంది. కింద మన నల్లరేగడి లాంటి బంకమట్టి, ఎండితే రాయే. నా బంతి గ్రీన్‌కి ఎనిమిది గజాల ఇవతల అలాంటి చోటే ఆగింది. జెండా ఇంకో పదిహేను గజాల లోపల. మధ్యలో ఇసుక బంకర్ లేదు, గుంట లేదు, ఏమీ లేదు. కొత్త వెడ్జ్ తీశాను. మొదటి దెబ్బకి క్లబ్ బంతికి రెండంగుళాల వెనకే నేలలో దిగింది. మణికట్లు జివ్వుమన్నాయి, బంతి మూరెడు కదిలింది. రెండోసారి "ఇప్పుడు మట్టి తగలకూడదు" అనుకుని కొంచెం పైకి లేచి కొట్టాను. క్లబ్ అంచు సరిగ్గా బంతి నడుముకి తగిలింది. అది నేలబారున దూసుకుపోయి, గ్రీన్ దాటి, కార్ట్ దారి మీద టకటకా గంతులేసింది.

ఆ రోజు మాతో కలిపిన నాలుగో ఆయన డెబ్భై దాటిన పెద్దాయన, పుట్టి పెరిగిందీ ఇక్కడే. ఆయన బంతి నా దానికంటే ఇంకా వెనక ఉంది. తాపీగా బ్యాగులోంచి, గ్రీన్ మీద బంతిని దొర్లించడానికి వాడే పట్టర్ తీసి, ఆ గడ్డిలోంచే నెట్టాడు. బంతి రెండు మూడు చిన్న గెంతులేసి, తర్వాత పాకుతూ వెళ్ళి జెండాకి మూడడుగుల్లో ఆగింది. నా వంక చూసి కన్ను గీటి "టెక్సస్ వెడ్జ్" అన్నాడు. ఇక్కడ గాలి ఎక్కువ, నేల గట్టి. అందుకని గ్రీన్ బయటి నుంచి పట్టర్ వాడితే దానికి ఆ పేరు పెట్టారు, గోల్ఫ్ ఆడేవాళ్ళందరూ అదే మాట అంటారు. నేను మాత్రం టెక్సస్‌లోనే కాపురం ఉంటూ, ఇంట్లో ఉన్న టెక్సస్ వెడ్జ్‌ని వదిలేసి డబ్బులు పోసి ఇంకోటి కొన్నాను.

అప్పట్నుంచీ నాది ఒకటే పద్ధతి. బంతి ఎంత తక్కువసేపు గాల్లో ఉంటే అంత మంచిది. పట్టర్‌తో పోతుందా? పోతే పట్టరే. గడ్డి ఒత్తుగా ఉండి పట్టర్‌తో కుదరకపోతే ఎనిమిదో తొమ్మిదో నంబర్ ఐరన్‌తో చిన్న చిప్, అంటే కొంచెం ఎగిరి ఎక్కువ దొర్లే దెబ్బ. మధ్యలో బంకర్ ఉండి, దాని మీంచి దాటించక తప్పదంటేనే వెడ్జ్. నువ్వు దీన్ని తలకిందులు చేస్తున్నావు. గ్రీన్ దగ్గరికి రాగానే చెయ్యి దానంతటదే వెడ్జ్ మీదకి పోతోంది.

ఇది చేతగానివాళ్ళ ఆట అనుకోకు. పాల్ రన్యన్ అని ఒక పొట్టాయన ఉండేవాడు. 1938 పీజీఏ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఆయనకి ఎదురు శామ్ స్నెడ్, ఆ రోజుల్లో బంతిని అంత దూరం బాదేవాళ్ళే అరుదు. హోల్ మొదలెట్టే మొదటి దెబ్బకి ప్రతిసారీ రన్యన్ వెనకే ఉంటాడు. తీరా చూస్తే ఇంకా ఏడు హోల్స్ మిగిలుండగానే ఎనిమిది హోల్స్ ఆధిక్యంతో స్నెడ్‌ని ఇంటికి పంపించాడు. అంతా గ్రీన్ చుట్టుపక్కల పనే. మన ఆఫీసుల్లో డ్రైవర్ అనే పెద్ద క్లబ్బుతో కొట్టిన దూరాలు చెప్పుకునేవాళ్ళే తప్ప చిప్ గురించి చెప్పుకునేవాళ్ళు కనిపించరు, అదే నా బాధ.

సరే, ఏ ఐరన్ తియ్యాలో ఎలా తెలుస్తుందంటే దానికో పాత లెక్కుంది. గ్రీన్ అంచు దాటి ఒక అంగ లోపల బంతి ఎక్కడ పడాలో ఒక చోటు చూసుకో. బంతి నుంచి ఆ చోటుకి ఎన్ని అంగలు, అక్కణ్ణుంచి హోల్‌కి ఎన్ని అంగలు, నడిచి లెక్కపెట్టు. చోటుకి మూడు, అక్కణ్ణుంచి హోల్‌కి పన్నెండు అనుకో. గాల్లో ఒక వంతు, దొర్లేది నాలుగు వంతులు. ఇప్పుడు పన్నెండులోంచి ఆ నాలుగు తీసెయ్ (ఇది అంగల పన్నెండు కాదు, ఈ లెక్కకి ఎప్పుడూ పన్నెండే), ఎనిమిది. ఎనిమిదో నంబర్ ఐరన్. దొర్లేది మూడు వంతులైతే తొమ్మిదో నంబర్, రెండు వంతులైతే పిచింగ్ వెడ్జ్. ఎత్తుకి పోతుంటే ఒక నంబర్ కిందకి దిగు, పల్లానికి పోతుంటే పైకెక్కు. దెబ్బ మాత్రం అన్నిటికీ ఒకటే, పట్టర్ ఊపినట్టే. కాళ్ళు దగ్గరగా, బరువు ఎక్కువ పాలు ఎడమ కాలి మీద, మణికట్లు కదలకుండా. చూపు జెండా మీద కాదురా, బంతి పడే చోటు మీద. నేను ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి ఏడాది తీసుకున్నాను.

1987 మాస్టర్స్ ప్లేఆఫ్‌లో లారీ మైజ్ పదకొండో హోల్ దగ్గర దాదాపు 140 అడుగుల నుంచి చిప్ చేసి లోపల వేసి, గ్రెగ్ నార్మన్ నోటి దగ్గరి ముద్ద లాగేసుకున్నాడు. ఆ వీడియో ఒకసారి చూడు. చేతిలో ఉన్నది శాండ్ వెడ్జే, కానీ బంతిని ఆకాశానికి లేపలేదు. గ్రీన్ ముందే నేల మీద గెంతించి, దొర్లించాడు.

ఇంక బంకర్ దాటించాల్సిన షాట్ సంగతి. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. వెడ్జ్ మీద 56 అని ఒక అంకె ఉంటుంది, అది ముఖం వాలు. దాని పక్కనో, షాపువాడి కాగితంలోనో 8, 10, 12 అని ఇంకో అంకె ఉంటుంది. దాన్ని బౌన్స్ అంటారు. కొనేటప్పుడు నేను ఆ రెండో అంకె వైపు చూడనే లేదు. క్లబ్బుని నేల మీద నిలువుగా పెట్టి పక్కనుంచి చూస్తే, ముందంచు కొంచెం పైకి లేచి, వెనక భాగం నేలకి ఆనుతుంది. ఎన్ని డిగ్రీలు లేచిందన్నదే బౌన్స్.

మీ అమ్మ దోసె తియ్యడం గుర్తు తెచ్చుకో. అట్లకాడని పడుకోబెట్టి పెనం మీద జార్చితే దోసె కిందకి సుళువుగా పోతుంది. నిలువుగా పొడిస్తే పెనం గీసుకుంటుంది, దోసె చిరుగుతుంది. వెడ్జ్ కూడా అంతే. ఆ వెనక భాగం నేల మీద జారుతూ బంతి కిందకి వెళ్ళాలి. అలా జారుతుంటే బంతికి అంగుళం వెనక తగిలినా పెద్దగా నష్టం లేదు, క్షమించేస్తుంది. మనమేం చేస్తామంటే, భయంతో బంతిని కుడి కాలి దగ్గర పెట్టుకుని, చేతులు బాగా ముందుకి నెడతాం. కాడ ఎంత ముందుకి వాలితే బౌన్స్ అంత తగ్గిపోతుంది. పది డిగ్రీల బౌన్స్ ఉన్న వెడ్జ్‌ని పది డిగ్రీలు ముందుకి వంచావంటే ఇంక మిగిలేది కత్తే. ఆ ఫిబ్రవరిలో నేను పట్టుకున్నది నాలుగే డిగ్రీల బౌన్స్. గట్టి నేలకి తక్కువ బౌన్స్ మంచిదని పుస్తకాలు చెప్పేది తప్పేం కాదు, కానీ అది నేలని తవ్వకుండా కొట్టేవాడికి. నాలాగా, నీలాగా నిటారుగా దింపేవాడికి పదీ పన్నెండూ ఉంటేనే బతుకు.

కాబట్టి ఈ షాట్‌కి బంతి కాళ్ళ మధ్యలో, చేతులు దానికి తిన్నగా పైన, ఛాతీ కూడా చేతులతోపాటు తిరగాలి. మధ్యలో ఆపకూడదు. వెనక్కి పెద్దగా తీసి, బంతి దగ్గరికొచ్చేసరికి భయపడి నెమ్మది చెయ్యడం, నువ్వు పంపిన వీడియోలో నాకు కనబడిన జబ్బు అదే. వెనక్కి తక్కువ తియ్, ముందుకి ధైర్యంగా పోనీ.

బౌన్స్ వెనకున్న కథ కూడా నాకు భలే ఇష్టం. పాతకాలపు ఆటగాడు జీన్ సారజెన్ హవర్డ్ హ్యూస్‌తో విమానం ఎక్కినప్పుడు, తోక దగ్గరి రెక్కలు కదిలితే ముక్కు పైకి లేవడం చూశాడట. ఇంటికెళ్ళి తన నిబ్లిక్ (ఇప్పటి తొమ్మిదో నంబర్ ఐరన్ లాంటి పాత క్లబ్) అడుగున సీసం అతికించి, వెనక భాగం కిందకి దిగేలా చేసుకున్నాడు. 1932లో ఆ క్లబ్బుతోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, అదే ఏడు యూఎస్ ఓపెన్ కూడా. ఇసుకలో దిగబడిపోకుండా తేలే క్లబ్ అలా పుట్టింది. బంకర్లో చెయ్యాల్సిందీ అదే, ముఖం తెరిచి, తర్వాత పట్టు పట్టుకుని, బంతికి రెండంగుళాల వెనక ఇసుకని బాదడం. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పటికే చెయ్యి నొప్పెడుతోంది.

ఎలా ప్రాక్టీస్ చెయ్యాలో చెప్తాను, నవ్వకు. సంక్రాంతికి ఇండియన్ స్టోర్‌లో తెచ్చిన ముగ్గు ప్యాకెట్ సగం మిగిలింది. పెరట్లో గడ్డి మీద దాంతో నాలుగడుగుల గీత గీశాను. బంతి లేదు, ఉత్త క్లబ్బే. గీత మీద క్లబ్ గడ్డిని దువ్వాలి, అంతే. మొదటి ఇరవై ఊపుల్లో పదిహేను గీతకి వెనకే తగిలాయి. బంతి ఉంటే అవన్నీ ఆ ఫిబ్రవరి దెబ్బలే కదా. బరువు ఎడమ కాలి మీద ఉంచి కదలకుండా ఊపితే గుర్తులు గీత మీదకి వచ్చాయి. మా ఆవిడ కిటికీలోంచి చూసి "ముగ్గు వెయ్యడం రాకపోతే నన్నడగొచ్చుగా" అంది. ఆవిడ వెక్కిరించినా, ఆ గీతే నాకు పనికొచ్చిన పాఠం. మీ ఇంటి ముందు జాగా ఉందిగా, నువ్వూ గీసుకో.

ఇంక దూరాలు. డేవ్ పెల్జ్ అని అమెరికాలో ఒకప్పుడు నాసాలో పనిచేసి తర్వాత షార్ట్ గేమ్ మీద పడిన ఆయన గడియారం లెక్క చెప్పాడు. వెనక్కి తీసేటప్పుడు ఎడమ చేతిని గడియారం ముల్లనుకుని, ఏడున్నర దగ్గర ఆపి ఒకటి, తొమ్మిది దగ్గర ఆపి ఒకటి, పదిన్నర దగ్గర ఆపి ఒకటి. వేగం మార్చకు, చెయ్యి ఎక్కడ ఆగిందన్నదే మారాలి. నా 56తో అవి 30, 55, 75 గజాలు పడుతున్నాయి. నీవి వేరుగా ఉంటాయి, రాసుకో. రెండు వెడ్జ్‌లుంటే ఆరు దూరాలు చేతికొచ్చినట్టే.

కొనక తప్పదంటావా? ముందు నీ సెట్‌లో పిచింగ్ వెడ్జ్ వాలు ఎంతో కనుక్కో. ఈ మధ్య వస్తున్న సెట్లలో అది 43, 44 డిగ్రీలే ఉంటోంది, బంతి దూరం పోయిందని మనం మురిసిపోవాలని. అక్కణ్ణుంచి నేరుగా 56కి దూకితే మధ్యలో పెద్ద గొయ్యి. కాబట్టి ఒక 50, ఒక 56, రెండూ కాస్త ఎక్కువ బౌన్స్‌తో. అరవై ఎందుకొద్దంటున్నానంటే, ముఖం అంత పడుకుని ఉంటే అదే దూరానికి ఇంకా పెద్ద ఊపు కావాలి. పెద్ద ఊపులో చిన్న తప్పు కూడా పెద్దదైపోతుంది. బ్యాగులో పద్నాలుగుకి మించి పెట్టకూడదని రూలుంది, నాకు దేవుడిచ్చిన వరం అది.

గడ్డి సంగతొకటి మర్చిపోయాను. ఇక్కడ అందరూ బెర్ముడా బెర్ముడా అని గొప్పగా చెప్పుకుంటారు. వెతికి చూస్తే మన గరికరా! వినాయక చవితికి మన చేత కోయించేవారే, ఆ జాతే. గరికకి ఒక పక్కకి పడుకునే గుణం ఉంది. గడ్డి నీ వైపు పడుకుని ఉంటే ముదురుగా కనబడుతుంది, క్లబ్ అందులో ఇరుక్కుంటుంది. అప్పుడు వెడ్జ్ వైపు చూడనే చూడకు, పట్టరే. నిగనిగలాడుతూ కనబడితే గడ్డి నీతోపాటే పోతోందన్నమాట, ధైర్యం చెయ్యొచ్చు.

అసలు నాకు లేని అదృష్టం నీకొకటుంది, బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీ. గోల్కొండ కోట గోడల మధ్య, నయాఖిల్లాలో, ఆ వందల ఏళ్ళ బావోబాబ్ చెట్టున్న ఆవరణలో ఆడుతూ, పక్కన రోజూ ఆ గడ్డి మీదే నడిచే మనిషిని పెట్టుకుని, నన్నడుగుతావేంట్రా? "ఇక్కడ పట్టర్ పోతుందా అన్నా" అని ఒక్కసారి అడిగి చూడు.

డిసెంబర్లో వస్తున్నా, రెండు వారాలు. ఒక ఆదివారం పొద్దున్న ఆరుకల్లా నన్ను అక్కడికి తీసుకెళ్ళాలి. గ్రీన్ పక్కన ఇరవై బంతులు పోసుకుందాం, పట్టర్, ఎనిమిదో నంబర్, వెడ్జ్, మూడింటితో. ఓడినవాడు పెసరట్టు ఉప్మా పెట్టించాలి. నా అరవై డిగ్రీలది కూడా సూట్‌కేసులో వేసుకొస్తాను. గరాజ్‌లో తలుపు మూసుకుపోకుండా అడ్డం పెడుతున్నాంలే ఇన్నాళ్ళూ, నీకు ముచ్చట తీరేదాకా కొట్టుకో, డబ్బులు మిగుల్తాయి.

ముందు ఆ పిచింగ్ వెడ్జ్ అంకె చూసి రేపు మెసేజ్ పెట్టు.

నీ
మామ