కిట్ గొంతు కంప్యూటరుది కాదు, విలియం డేనియల్స్‌ది

సంపాదకులకు నమస్కారం.

డ్రైవరు లేని కార్ల గురించి ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. అందులో ‘నైట్ రైడర్’ అనే పాత అమెరికన్ టెలివిజన్ ధారావాహికను ప్రస్తావిస్తూ, దాని సృష్టికర్త గ్లెన్ ఎ. లార్సన్ పేరునూ, కథానాయకుడు డేవిడ్ హాసెల్‌హాఫ్ పేరునూ, చివరికి అందులో ‘కిట్’ అనే పేరుతో మాట్లాడే ఆ నల్ల కారు ఏ కంపెనీదో కూడా సరిగ్గానే ఇచ్చారు. కారు గొంతు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అది కంప్యూటరుతో పుట్టించిన స్వరమని రాశారు. అది నిజం కాదు. ఆ గొంతు విలియం డేనియల్స్ అనే నటుడిది. ఒక్క వాక్యంలో దొర్లిన పొరపాటే కదా అని ఊరుకోవచ్చు గానీ, ఆ ధారావాహికను చిన్నతనం నుంచీ మనసులో పెట్టుకున్నవాడిగా, ఆ గొంతు లేకపోతే ఆ కారుకు ప్రాణమే లేదని నమ్మేవాడిగా, ఈ విషయాన్ని కొంచెం వివరంగా మీ పాఠకుల ముందు పెట్టాలనిపించింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ‘నైట్ రైడర్’ 1982 సెప్టెంబరు 26న అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలై, నాలుగు సీజన్ల పాటు సాగి, 1986లో ముగిసింది. మైఖేల్ లాంగ్ అనే పోలీసు డిటెక్టివ్‌ను నేరస్థులు ముఖం మీద కాల్చి వదిలేస్తారు. మరణానికి దగ్గరైన విల్టన్ నైట్ అనే కోటీశ్వరుడు అతన్ని బతికించి, శస్త్రచికిత్సతో కొత్త ముఖాన్నీ, మైఖేల్ నైట్ అనే కొత్త పేరునూ, దానితో పాటు ‘నైట్ ఇండస్ట్రీస్ టూ థౌజండ్’ అనే మాట్లాడే కారునూ ఇస్తాడు. ఆ ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చేదే ‘కిట్’. పాంటియాక్ కంపెనీ వారి ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్ అనే మోడల్ కారు ఒంటికి తూటాలు దిగని కవచం, అడ్డంకుల మీదుగా ఎగిరే శక్తి, ముందు భాగంలో అటూ ఇటూ కదిలే ఎర్రటి కాంతి ఉన్న ఆ కారు రూపాన్ని ఎవరూ మరిచిపోలేరు. కోల్‌కతా నైట్ రైడర్స్ అని క్రికెట్ జట్టుకు 2008లో పెట్టిన పేరు కూడా ఈ ధారావాహిక నుంచి వచ్చిందే కాబట్టి, ఒక్క భాగం చూడనివారికి కూడా ఆ పేరు మాత్రం పరిచయమే.

నేను దాన్ని మొదటిసారి చూసింది జగిత్యాలలో. దుబాయికి వెళ్లిన మా చిన్నాయన 1988లో సెలవు మీద వస్తూ ఒక వీసీఆర్‌నూ, కొన్ని క్యాసెట్లనూ తెచ్చాడు. వాటిలో రెండింటి నిండా ‘నైట్ రైడర్’ భాగాలే ఉండేవి. తెలుగు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతున్న నాకు ఆ ఇంగ్లీషులో పదికి రెండు మాటలు కూడా తెలిసేవి కావు. అయినా కారు ఎప్పుడు అలిగిందో, ఎప్పుడు మైఖేల్‌ను మందలించిందో, ఎప్పుడు అతని కోసం కంగారు పడిందో నాకూ, నా పక్కన చాప మీద కూర్చున్న మా నాయనమ్మకూ స్పష్టంగా తెలిసేది. ‘ఆ బండి పిల్లగాణ్ని కోప్పడుతున్నది, సూడు’ అని ఆవిడ అనేది. ఒక్క ఇంగ్లీషు మాట రాని డెబ్బై ఏళ్ల మనిషికి, కళ్లూ ముక్కూ నోరూ లేని ఒక యంత్రం కోపం అర్థమైందంటే, అందుకు కారణం కారు రూపం కాదు, గొంతులోని అభినయమే. మీ వ్యాసంలోని ఆ ఒక్క వాక్యం నాకు ముల్లులా గుచ్చుకోవడానికి కారణం ఇదే.

ఆ గొంతు కారుతో ఎలా కలిసిందో తెలిస్తే డేనియల్స్ పనితనం మీద గౌరవం పెరుగుతుంది. చిత్రీకరణ జరిగే చోట ఆయన ఉండేవారు కాదు. హాసెల్‌హాఫ్ ఎవరూ లేని డ్యాష్‌బోర్డు వైపు చూసి మాట్లాడేవారు. కారు తనంతట తాను నడుస్తున్నట్టు కనిపించే దృశ్యాల్లో సీటు రూపంలో ఉన్న తొడుగు వెనక స్టంట్ డ్రైవరు దాగి ఉండి బండి నడిపేవాడు. కిట్ మాటలను డేనియల్స్ విడిగా స్టూడియోలో చెప్పేవారు. తెర మీద విడదీయరాని స్నేహితులుగా కనిపించిన ఆ ఇద్దరూ ధారావాహిక మొదలైన కొన్ని నెలల తరువాత, ఒక క్రిస్మస్ విందులో గానీ ఒకరినొకరు కలుసుకోలేదు. ఎదుటి నటుడి ముఖం చూడకుండా, అతనితో కలిసి ఒక్కసారి కూడా సాధన చేయకుండా, వెక్కిరింతకు వెక్కిరింతా, ఆప్యాయతకు ఆప్యాయతా సరిపోయేలా మాట అందించడం ఎంత కష్టమో డబ్బింగ్ గదిలో నిలబడ్డవారికి బాగా తెలుసు. మొదట్లో కిట్ మాట్లాడినప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఒక ఎర్రటి చదరం మాత్రమే మిణుకుమనేది. మొదటి సీజన్ నడుస్తుండగానే దాన్ని మార్చి, స్వరంతో పాటు పైకీ కిందికీ కదిలే మూడు ఎర్రటి గీతలను పెట్టారు. కారుకు ముఖమంటూ ఉంటే అది ఆ మూడు గీతలే, ఆ ముఖాన్ని కదిలించింది డేనియల్స్ ఊపిరే.

ఆ ఊపిరిలో యంత్రం ఛాయ దాదాపు లేదు. రోబో అనగానే ఆ రోజుల్లో అందరూ చేసినట్టు మాటను ముక్కలు ముక్కలుగా విరిచి, లోహపు మోత కలిపి పలికించలేదు. మర్యాద తప్పని, చదువుకున్న, కాస్త చాదస్తం ఉన్న పెద్దమనిషి గొంతు అది. బడిలో హెడ్‌మాస్టరు కేక వేయకుండానే తప్పు ఎత్తిచూపినట్టు ఉంటుంది. మైఖేల్ దుడుకుగా ఏదో చేయబోతుంటే, అందులోని ప్రమాదాన్ని లెక్కలతో సహా చెప్పి, వినడని తెలిసి, చివరికి అతని పేరును మాత్రం ఒకసారి పలికి ఊరుకుంటుంది. ఆ ఒక్క ‘మైఖేల్’ అనే పిలుపులో నిరసన, భయం, ప్రేమ మూడూ వినిపించేవి.

డేనియల్స్ అప్పటికే పేరున్న నటుడు. 1927లో బ్రూక్లిన్‌లో పుట్టిన ఆయన, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన కథను చెప్పే బ్రాడ్‌వే సంగీత నాటకంలో 1969లో ఆ స్వాతంత్ర్య పోరాట నాయకుల్లో ఒకరైన జాన్ ఆడమ్స్ పాత్ర వేశారు, 1972లో అది సినిమాగా వచ్చినప్పుడు కూడా ఆయనే ఆ పాత్ర పోషించారు. విశేషమేమిటంటే, ‘నైట్ రైడర్’ మొదలైన నెల రోజులకే అదే ఎన్‌బీసీలో బోస్టన్ ఆసుపత్రి నేపథ్యంగా ‘సెయింట్ ఎల్స్‌వేర్’ అనే ధారావాహిక మొదలైంది. అందులో డాక్టర్ క్రెయిగ్ అనే కఠినమైన గుండె శస్త్రవైద్యుడి పాత్ర ఆయనదే. అంటే ఒకే ఛానల్‌లో ప్రేక్షకులు ఆయన ముఖాన్ని ఒక ధారావాహికలో చూస్తూ, ఆయన గొంతును మరో ధారావాహికలో పేరు తెలియకుండా వింటూ వచ్చారు. డాక్టర్ క్రెయిగ్ పాత్రకు ఆయనకు 1985లోనూ, 1986లోనూ ఉత్తమ నటుడిగా అమెరికన్ టెలివిజన్ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారాలు వచ్చాయి. 1986లో అదే ధారావాహికలో ఆయన భార్యగా నటించిన, నిజ జీవితంలోనూ ఆయన భార్య అయిన బానీ బార్ట్‌లెట్‌కు కూడా ఎమ్మీ వచ్చింది. కిట్ గొంతుకు మాత్రం ఏ పురస్కారమూ రాలేదు.

గొంతే ఆ పాత్ర అని నేను అనడం అభిమానంతో కాదు, కథ రాసినవారే ఆ మాట ఒప్పుకున్నారు. రెండో సీజన్‌లోని ఒక భాగంలో కిట్ మెదడును కారు నుంచి వేరు చేసి, కారు ఒంటిని దొంగలు ఎత్తుకుపోతారు. మైఖేల్ ఒక చిన్న పెట్టెను చేత పట్టుకుని తిరుగుతాడు, అందులోంచి కిట్ మాట్లాడుతూనే ఉంటుంది. చక్రాలూ కవచమూ ఎర్రటి కాంతీ ఏవీ లేకపోయినా, అది కిట్ కాదని చూసేవారికి ఒక్క క్షణం కూడా అనిపించదు. మూడో సీజన్‌లో మరో భాగం ఉంది: దుండగులు కారును ఆమ్లపు గుంటలో పడేస్తారు, దాన్ని తిరిగి కట్టి నిలబెడతారు, కానీ ఒళ్లు బాగుపడినా కిట్‌కు భయం పోదు, మునుపటిలా వేగంగా పోవడానికి వెనకాడుతుంది. యంత్రానికి భయం పట్టుకోవడం అనేది మాటల్లో రాస్తే నమ్మశక్యం కాని విషయం. దాన్ని నమ్మించింది డేనియల్స్ గొంతులోని చిన్న తడబాటు. 1991లో వచ్చిన టెలిచిత్రంలో కిట్ మెదడును 1957 నాటి షెవర్లే కారులో అమర్చారు. పాత కారు, వేరే రంగు, వేరే ఆకారం. అయినా అభిమానులు దాన్ని కిట్‌గానే అంగీకరించారు, ఎందుకంటే మాట్లాడింది డేనియల్సే.

‘కార్’ (ఇంగ్లీషులో K.A.R.R.) అనే పేరున్న ప్రతినాయక కారు గురించి కూడా ఇక్కడ చెప్పాలి. కిట్ కంటే ముందు తయారైన నమూనా అది. చూడటానికి అచ్చం కిట్‌లాగే ఉంటుంది. మనిషి ప్రాణాన్ని కాపాడటం కిట్‌కు నేర్పిన ధర్మమైతే, తనను తాను కాపాడుకోవడం మాత్రమే కార్‌కు నేర్పారు. మొదటి సీజన్‌లో ఆ రెండు కార్లూ ఎదురెదురుగా దూసుకొచ్చే ఘట్టంలో, తన ఉనికి మీద మమకారం వల్ల కార్ పక్కకు తప్పుకుంటుందని మైఖేల్ అంచనా వేస్తాడు; అలాగే తప్పుకుని అది కొండ అంచు నుంచి పడిపోతుంది. డ్రైవరు లేని కార్ల గురించి రాసే వ్యాసానికి ఇంతకంటే తగిన ఘట్టం లేదని నా అభిప్రాయం. కానీ ఇక్కడ నేను చెప్పదలచింది వేరు: ఒకే అచ్చులో పోసిన ఆ రెండు నల్ల కార్లలో ఏది స్నేహితుడో ఏది శత్రువో ప్రేక్షకుడు కళ్లు మూసుకుని చెప్పగలిగేవాడు. కార్‌కు ఆ భాగంలో గొంతునిచ్చింది పీటర్ కల్లెన్. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’లో ఆప్టిమస్ ప్రైమ్ అనే రోబోగా తరువాత లోకమంతా విన్న గంభీర స్వరం ఆయనదే. మూడో సీజన్‌లో కార్ తిరిగి వచ్చినప్పుడు గొంతు పాల్ ఫ్రీస్‌ది.

గొంతు విలువ వ్యాపార సంస్థలకు మనకంటే బాగా తెలుసు. 2008లో ఈ ధారావాహికను కొత్తగా తీసినప్పుడు కారును ఫోర్డ్ ముస్టాంగ్‌గా మార్చి, గొంతుకు మొదట విల్ ఆర్నెట్ అనే నటుణ్ని తీసుకున్నారు. ఆయన అప్పటికే జనరల్ మోటార్స్ వారి జీఎంసీ ట్రక్కుల ప్రకటనలకు గొంతునిస్తున్నారు. తమ ప్రకటనల్లో వినిపించే స్వరం పోటీ సంస్థ కారు నుంచి వినిపించడానికి ఆ సంస్థ ఒప్పుకోకపోవడంతో ఆర్నెట్ తప్పుకున్నారు, ఆయన స్థానంలో వాల్ కిల్మర్ వచ్చారు.

డేనియల్స్ తానే పేరు వేయవద్దని కోరారు కదా, మరి మాకు తెలియకపోవడంలో తప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. ఆయన కోరిక మేరకే ‘నైట్ రైడర్’ తారాగణంలో ఆయన పేరు పడలేదన్నది నిజం. అయితే పేరు లేకపోవడం వేరు, మనిషే లేడని రాయడం వేరు. పైగా ఆ గోప్యత ఎన్నడో ముగిసింది. 2017లో వెలువడిన తన ఆత్మకథకు పెట్టిన పొడవాటి పేరులో, తనకు గుర్తింపు తెచ్చిన పాత్రల వరుసలో డాక్టర్ క్రెయిగ్, జాన్ ఆడమ్స్‌ల పక్కనే కిట్ పేరును కూడా ఆయన చేర్చుకున్నారు. నటుల శ్రమకు విలువ కట్టించడం ఆయనకు పట్టని విషయమూ కాదు: 1999 నుంచి 2001 వరకు అమెరికా నటుల సంఘమైన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌కు అధ్యక్షుడిగా ఉన్నది ఆయనే, ప్రకటనల్లో నటించేవారి పారితోషికం కోసం 2000లో అక్కడ జరిగిన సుదీర్ఘమైన సమ్మె ఆయన హయాంలోనిదే.

ఈ విషయం తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. రాజశేఖర్ తెర మీద గర్జిస్తే ఆ గర్జన సాయికుమార్‌దని మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. ‘అన్నమయ్య’లో సుమన్ ధరించిన వేంకటేశ్వరుడి గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానిదని తెలిసి, ఆ పనికి ఆయనకు నంది పురస్కారం ఇచ్చి గౌరవించుకున్న సమాజం మనది. నంది పురస్కారాల్లో డబ్బింగ్ కళాకారులకు ప్రత్యేక విభాగాలే ఉండేవి. ఆ విలువ తెలిసిన మన పత్రికలోనే ఒక గొప్ప గాత్రనటుడి పనిని కంప్యూటరు ఖాతాలో వేయడం బాధ కలిగించింది. కంప్యూటర్లు నిజంగానే మనుషుల గొంతులను అనుకరించడం నేర్చిన ఈ రోజుల్లో, చదివేవారు ఆ మాటను సులభంగా నమ్ముతారు కూడా.

కాబట్టి వచ్చే ఆదివారం అనుబంధంలో సవరణగా ఒక్క వాక్యం వేయవలసిందిగా కోరుతున్నాను: ‘నైట్ రైడర్’లో కిట్ అనే కారుకు గొంతునిచ్చింది నటుడు విలియం డేనియల్స్ అని. వీలైతే మీ సినిమా, టెలివిజన్ పేజీల్లో వేరే భాష నుంచి తెలుగులోకి వచ్చే చిత్రాల, ధారావాహికల సమీక్షలు వేసేటప్పుడు, తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్ల కింద ఆ పాత్రలకు తెలుగులో గొంతునిచ్చినవారి పేర్లకు కూడా ఒక వరుస కేటాయించండి.

భవదీయుడు,
మీ పాఠకుడు,
జగిత్యాల.