అన్నంతో పాటు పీచునూ మానేస్తున్నారు

సంపాదకుడు గారికి,

సుగర్ అదుపులోకి రావాలనో, బరువు తగ్గాలనో అన్నం మానేసినవాళ్లు మా టెక్కలి, పలాస వైపు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. అది తప్పనడం లేదు. మూడు పూటలా వరన్నమే తినే అలవాటు తగ్గాల్సిందే. నా బాధల్లా, అన్నంతో పాటు చిక్కుళ్లు, అవిసె గింజలు కూడా ‘కార్బ్స్’ (పిండి పదార్థాలు) అంటూ పక్కన పెట్టేస్తున్నారని. ఇక మిగిలేది గుడ్లు, చికెన్, నూనె. వారం తిరక్కుండానే మలబద్ధకం, ఆ వెంటనే మందుల షాపులో ఇసబ్‌గోల్ డబ్బా.

సగం గందరగోళం లెక్కల్లోనే ఉంది. అమెరికా పద్ధతిలో పీచును కూడా పిండి పదార్థాల్లోనే కలిపి చూపిస్తారు. మనవాళ్లు వాడే యాప్‌లు చాలావాటిలో అదే లెక్క. 100 గ్రాముల అవిసె గింజల్లో 29 గ్రాముల కార్బ్స్ అని చూసి బెదిరిపోతారు. అందులో 27 గ్రాములు పీచే! అది పేగుల్లో అరిగి చక్కెరగా మారేది కాదు. పైగా బెండకాయ జిగురులాంటి పీచు, తిన్నదాంట్లోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరకుండా ఆపుతుంది. రోజుకు కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అన్నం మానినవాళ్లకు అందులో మినహాయింపేమీ ఇవ్వలేదు.

కొబ్బరి తోటల ఉద్దానం పక్కనే ఉంటూ కొబ్బరి నూనె సీసాలు కొని తాగడం మరీ విడ్డూరం. నూనెలో పీచు సున్నా. అదే పచ్చికొబ్బరిలో 100 గ్రాములకు 9 గ్రాముల దాకా ఉంటుంది (రోజూ అంత తినమని కాదు). ఆనపకాయ, తోటకూర, గోరుచిక్కుడు ఉండనే ఉన్నాయి. చోళ్లలో (రాగుల్లో) పీచు బాగానే ఉన్నా పిండి పదార్థమూ ఎక్కువే, కాబట్టి అంబలి తాగి ‘లో కార్బ్’ (పిండి పదార్థం తక్కువ) తిండి అనుకుంటే కుదరదు.

కిడ్నీ జబ్బున్నవాళ్ల సంగతి వేరు. కొబ్బరిలో, ఆకుకూరల్లో పొటాషియం ఉంటుంది గనుక డాక్టర్‌ని అడక్కుండా ఏదీ పెంచకూడదు. సుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు చెప్పాపెట్టకుండా అన్నం మానితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదమూ ఉంది.

ఆహార ప్యాకెట్ల మీద పీచు ఎంతో విడిగా వేయడం మన దేశంలో తప్పనిసరి కాదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని తప్పనిసరి చేయాలి. బీపీ, సుగర్ చూసే పల్లె క్లినిక్‌లలో మాత్రలతో పాటు, మన సంతలో దొరికే ఏ కూరలో పీచు ఎంతో రాసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాలి. దానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఒక పాఠకురాలు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా