మా బోర్డు మీద 10, 1.43 అని రాసిన తప్పు గురించి

హన్మకొండలో మా దగ్గర డాబా మీద వేసే ఇన్సులేషన్ షీట్లు కొన్న అందరికీ నమస్కారం.

ఉగాది నుంచి మొన్నటిదాకా షాపు బోర్డు మీద రెండు షీట్ల పక్కన ఆర్ విలువ (షీటు వేడిని ఎంత ఆపుతదో చెప్పే అంకె, ఎక్కువుంటే మంచిది) రాసి పెట్టిన. నీలం షీటు (ఎక్స్‌పీఎస్ అనే గట్టి నురుగు షీటు, 2 అంగుళాలు): 10. తెల్ల థర్మోకోల్ షీటు (50 మి.మీ.): 1.43. ప్యాకింగ్ మీద ఉన్న అంకెలే ఎక్కించిన. కాజీపేట లోకో షెడ్‌లో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి మొన్న బోర్డు చూసి అడిగిండు: "బిడ్డా, ఒకటి గుంటల్ల, ఒకటి ఎకరాలల్ల రాస్తే ఎట్ల? 40 గుంటలంటే ఎకరమే కదా!"

ఆయన చెప్పింది నిజం. నీలం షీటు మీది 10 అమెరికా లెక్క: అడుగులు, ఫారన్‌హీట్, బీటీయూలతో (వేడిని కొలిచే అక్కడి లెక్క) కట్టేది. తెల్ల షీటు మీది 1.43 మన మీటర్లు, సెల్సియస్, వాట్ల లెక్క. అమెరికా అంకెను 5.678తో భాగిస్తే మన అంకె వస్తది. అంటే 10 కాస్తా 1.76. ఏడింతలు అనిపించిన తేడా నిజానికి పావు వంతు కూడా లేదు. ఆ అంకె చూసి ఎక్కువ పైసలు పెట్టినవాళ్లున్నరు. వాళ్లు నా మాట నమ్మి పెట్టిన పైసలవి. నాకు నిద్ర పట్టలేదు.

ఆర్ విలువ కట్టడం కష్టమేం కాదు. మందాన్ని మీటర్లల్ల తీసుకొని, ఆ సరుకు వేడిని ఎంత పోనిస్తదో చెప్పే కె విలువతో భాగించాలె. తెల్ల షీటుకు 0.05 బై 0.035, అంటే 1.43. అయిదంగుళాల ఆర్‌సీసీ స్లాబుకు ఇదే లెక్క కడితే 0.08 దగ్గరే ఆగుతది. మే నెలలో మన మేడ గదులు రాత్రిదాకా సెగలు కక్కేది అందుకే.

స్లాబు పైన 50 డిగ్రీలు, గదిలో 30 అనుకోండి. గదిలో స్లాబు కింద ఉండే గాలి పొర కూడా కొంత వేడిని ఆపుతది, దాన్ని కలిపి లెక్కేస్తే ఒట్టి స్లాబు నుంచి చదరపు మీటరుకు సుమారు 80 వాట్ల వేడి దిగుతది. తెల్ల షీటు వేస్తే 12, నీలం వేస్తే 10. షీటు వేయడమే అసలు లాభం. వీటిలో ఏది వేసినమన్న తేడా రెండు వాట్లే.

కొందరు యూ విలువ (ఒక్కో డిగ్రీ తేడాకు చదరపు మీటరు నుంచి ఎన్ని వాట్లు దిగుతయో చెప్పే అంకె, తక్కువుంటే మంచిది) ఎంతని అడుగుతున్నరు. గాలి పొరలు కలిపిన మొత్తం ఆర్‌ను తిరగేస్తే అదే. కేంద్రం 2018లో తెచ్చిన ఈకో నివాస్ సంహిత (ఇళ్లల్ల కరెంటు ఆదా కోసం పెట్టిన నియమాలు) ఇంటి పైకప్పుకు 1.2 దాటొద్దంటది. రెండు షీట్లలో ఏది వేసినా దానికి చాలా కిందనే ఉంటరు.

ఇప్పుడు లెక్క సరిచేసే సంగతి. నీలం షీట్లు ఇంకా పరవకపోతే తెచ్చియ్యండి, మొత్తం పైసలు వాపసు, లేదంటే తెల్లవి తీసుకొని తేడా పట్టుకుపోండి. పరిచేసిన వాళ్లకు రెండింటి ధర తేడాలో సగం ఇస్త. సగమే ఎందుకంటే నీలం షీటు నీళ్లు తక్కువ పీలుస్తది, టైల్స్ బరువు బాగా మోస్తది. ఆ మేలు మీ డాబాకు అందుతనే ఉంది. టైల్స్ కింద వేయాలంటే ఇప్పటికీ నేను నీలమే చెప్త.

బోర్డు తీసేసిన. ఇక నుంచి ప్రతి షీటు మీద మందం, కె విలువ, మీటర్ల లెక్కలో ఆర్ మాత్రమే రాసి అంటిస్త. బిల్లు పోయినా రండి, మా పుస్తకంలో తారీఖుతో సహా ఉంది. ఈ నెలంతా ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటది.