ఆ మచ్చకు గడువు తేదీ వేయించండి: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి నమస్కారాలు. నా క్రెడిట్ రిపోర్టులో, అంటే అప్పులు ఎలా కట్టానో చూపే పత్రంలో, ఎప్పుడు పోతుందో తెలియని ఒక పాత మచ్చ గురించి ఈ లేఖ.

నేను విశాఖపట్నం ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు నడుపుతున్నాను. 2020 లాక్‌డౌన్‌లో పని ఆగిపోయింది. అప్పుల వాయిదాలకు ఇచ్చిన విరామం (మారటోరియం) ముగిశాక కూడా చేతిలో డబ్బు ఆడక క్రెడిట్ కార్డు బాకీ మూడు నెలలు కట్టలేకపోయాను. 2021లో బ్యాంకు వారే పిలిచి, కొంత తగ్గించి, సెటిల్‌మెంట్ లెటరు చేతిలో పెట్టారు. తప్పు నాది కాదని అనను. ఆ లెటరుతో బాకీ తీరిందనే అనుకున్నాను.

మొన్న రెండో లేత్ కోసం వేరొక బ్యాంకులో లోను అడిగితే, మేనేజరు గారు నా క్రెడిట్ రిపోర్టు ప్రింటు తీసి బల్ల మీద పెట్టారు. ఆ కార్డు వివరాల కింద నెలకొక గడి, గడుల్లో ఎన్ని రోజులు ఆలస్యమో చెప్పే 30, 60, 90 అంకెలు, పైన ‘సెటిల్డ్’ (పూర్తిగా కట్టకుండా, కొంత తగ్గించి ముగించినది) అన్న మాట. ఆ తరువాత ఒక్క నెల తప్పకుండా కట్టి ముగించిన బైకు లోను గడులన్నీ సున్నాలే అయినా, ఆయన వేలు ‘సెటిల్డ్’ దగ్గరే ఆగింది. ఇది ఎప్పుడు పోతుందని అడిగితే, "ఏడేళ్లంటారండీ, ఎప్పటినుంచి లెక్కో మాకూ తెలియదు" అన్నారు. మిగిలిన సొమ్ము కట్టేస్తాను, ‘క్లోజ్డ్’ (పూర్తిగా కట్టినది) అని మార్చండని కార్డు ఇచ్చిన బ్యాంకుకు వెళ్తే, ఆ ఖాతా తమ సిస్టంలోనే లేదన్నారు. వారి దగ్గర లేని ఖాతా నా రిపోర్టులో మాత్రం భద్రంగా ఉంది!

2005 నాటి క్రెడిట్ సమాచార సంస్థల (ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థల) చట్టం కింద వచ్చిన నిబంధనలు ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలంటున్నాయి. చిక్కంతా ఆ ‘కనీసం’లోనే ఉంది. అమెరికాలో 1970 నాటి చట్టం ఇందుకు తలకిందులుగా, ఏడేళ్లు దాటిన ఎగవేతలను సాధారణంగా రిపోర్టులో చూపకూడదని, దివాలాకైతే పదేళ్లని పైహద్దు పెట్టింది. తప్పుడు నమోదుపై ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే రోజుకు 100 రూపాయలు చెల్లించాలని 2023లో మీ సంస్థే ఆదేశించింది. అది మంచి పనే. కానీ నాది తప్పుడు నమోదు కాదు, నిజమైనదే, పాతబడినది. దానికి ఏ కౌంటరులో ఫిర్యాదు చేయాలి?

వెంటనే చెరిపేయమని నేను కోరడం లేదు. అప్పిచ్చేవాడికి పాత సంగతి తెలియాల్సిందే. నేను కోరేది రెండే. ఇలాంటి ప్రతి నమోదుకూ పైహద్దు, అది ఏ రోజు నుంచి లెక్కో నిబంధనలోనే రాయించండి. గ్యాస్ సిలిండరు మెడ మీద పరీక్ష గడువు వేసినట్టే, ‘సెటిల్డ్’ పక్కన అది తొలగిపోయే నెల, సంవత్సరం ముద్రింపజేయండి. అప్పటిదాకా పాత లేత్‌తోనే నెట్టుకొస్తాను.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
ఆటోనగర్, విశాఖపట్నం